బొమ్మల పుస్తకం పేజీలు ఊడిపోతుంటే

మా శ్రీకాకుళంలో వానాకాలం చెమ్మకి పిల్లల బొమ్మల పుస్తకాల పిన్నులు తుప్పుపట్టి, ముందుగా నడిమి పేజీ ఊడొస్తుంది. పిల్లలు రోజూ వేలు పెట్టి చూసే పెద్ద బొమ్మ ఉండేది అక్కడే! సెల్లోటేప్ వేస్తే కొన్నాళ్లకి పసుపెక్కి బొమ్మ పాడవుతుంది. దారంతో కుట్టేయండి.

పాత పిన్నులు చాకు మొనతో తీసేసి, నడిమి మడతలో బొంత సూదితో మూడు బెజ్జాలు పెట్టండి: మధ్యలో ఒకటి, పైన, కింద అంచుకి అంగుళంన్నర లోపలగా ఒక్కోటి. పుస్తకం ఎత్తుకి రెండున్నర రెట్లు నూలుదారం చాలు. లోపలి నుంచి మధ్య బెజ్జంలో సూది బయటికి, పై బెజ్జంలో లోపలికి, కింది బెజ్జంలో బయటికి, మళ్లీ మధ్య బెజ్జంలో లోపలికి. లోపల నిలువుగా ఉన్న దారానికి చెరో పక్కా కొసలు ఉంచి బిగించి ముడి వేయండి.

వెన్నుకి జిగురు అంటించిన పుస్తకాలకి, అట్టపేజీల వాటికి ఇది పనికిరాదు.