ఎలక్ట్రిక్ గిటార్‌పై సన్నని గీతలు: కారణం కనిపెట్టడం ఎలా?

ముందుగా దుమ్మును ఊది, తడిపి గట్టిగా పిండిన మెత్తని నూలుగుడ్డతో ఒత్తకుండా తుడిచి, గదిలో దీపాలు ఆర్పి, ఫోన్ టార్చిని గిటార్ ఒంటికి దాదాపు సమాంతరంగా పట్టి చూడాలి. మామూలు వెలుతురులో కనబడని గీతలు అప్పుడు వెండి దారాల్లా తేలతాయి.

గీత ఉన్న చోటే సగం జవాబు చెబుతుంది. వెనుకవైపు, కడుపుకు ఆనే చోట గుమిగూడి ఉంటే బెల్టు బకిల్‌నో, జీన్స్ గుండీనో అనుమానించాలి. తీగల కింద, పికప్‌ల (తీగల కంపనాన్ని పట్టే భాగాల) చుట్టూ ఒకే వాలులో ఉన్నవి తీగలు మీటే పిక్ గీసినవి. ముంజేయి ఆనే అంచున ఉన్నవి వాచీ, కడియాల పని. ఒళ్లంతా సాలెగూడులా వలయాలు కనిపిస్తే మాత్రం తప్పు వాయించడంలో కాక తుడవడంలో ఉంది: దుమ్ము మీదే పొడిగుడ్డ రుద్దితే ఇసుక రేణువులు అలాగే గీస్తాయి. నల్లరంగు గిటార్లు ఈ విషయంలో ఏదీ దాచవు.

1950ల నాటి గిటార్లలా నైట్రోసెల్యులోజ్ లక్కరు పూసినవాటిపై, కలప పోగులకు అడ్డంగా సాగే సన్నని గీతలు నిజానికి పూతలో వచ్చిన పగుళ్లు కావచ్చు. బాగా చల్లబడిన గిటార్‌ను వెచ్చని గదిలోకి తెచ్చి వెంటనే పెట్టె తెరవడం వాటికి తరచుగా కారణమవుతుంది.

అప్పటికీ అనుమానం తీరకుంటే ఆ చోటును ఫోటో తీసి, వారంపాటు నడుముకు బెల్టు లేకుండా వాయించి, కొత్త గీతలు వచ్చాయేమో పోల్చి చూడాలి.