అమెరికా దివాలా కోర్టు నోటీసులు ఈమెయిల్‌లో కావాలా? ఫారం ఇచ్చే ముందు జాగ్రత్తలు

అమెరికాలో దివాలా పిటిషన్ వేసినవారికి కోర్టు నోటీసులు, ఉత్తర్వులు ఈమెయిల్‌లో పంపే ఏర్పాటు పేరు డీఈబీఎన్. ఇది కావాలంటే కోర్టుకు ఫారం ఇవ్వాలి, ఫీజు లేదు.

• పేరు, చిరునామా పిటిషన్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా రాయండి. మనవాళ్లకు ఇక్కడ ఇబ్బంది రావచ్చు: పిటిషన్‌లో ‘వెంకట సుబ్బారావు’, ఫారంలో ‘వి. సుబ్బారావు’ అని ఉంటే పేరు సరిపోలదు, కాగితాలు పోస్టులోనే వెళ్తుంటాయి.

• భార్యాభర్తలు కలిసి కేసు వేసినా ఎవరి ఫారం వారిదే.

• ఆఫీసు మెయిల్ ఇవ్వొద్దు. ఉద్యోగం మారితే అది మూతపడుతుంది. పంపిన మెయిల్ చేరక వెనక్కొస్తే డీఈబీఎన్ ఖాతా దానంతటదే ఆగిపోయి, నోటీసులు మళ్లీ పోస్టుకి మారతాయి. తిరిగి మొదలవ్వాలంటే సవరించిన ఫారం దాఖలు చేయాలి.

• ఇల్లు మారితే ఆ సంగతి కోర్టుకు విడిగా తెలపాలి.

• పోస్టుబాక్సు చూడటం మాత్రం మానకండి. ఈమెయిల్‌లో వచ్చేవి కోర్టు పంపేవే. ట్రస్టీ (దివాలా కేసు వ్యవహారాలు చూసేందుకు నియమితులైన వ్యక్తి), అప్పిచ్చినవాళ్లు పంపేవి పోస్టులో రావచ్చు. మీ ఫారం నమోదయ్యేలోపే మొదటి నోటీసు కూడా పోస్టులో బయల్దేరి ఉండొచ్చు. 341 సమావేశం (ట్రస్టీ, అప్పిచ్చినవాళ్లు మిమ్మల్ని ప్రశ్నలు అడిగే సమావేశం) తేదీ అందులోనే ఉంటుంది, హాజరు కాకపోతే కేసు కొట్టేసే ప్రమాదం ఉంది.