అక్యూట్ లుకేమియా నిర్ధారణలో రంజన పద్ధతులు – 3వ పాఠం: మైలోపెరాక్సిడేజ్, సుడాన్ బ్లాక్

లీష్మన్ రంగు వేసిన స్మియర్‌లో బ్లాస్ట్ కణాలను (పరిణతి చెందని తొలి దశ రక్తకణాలను) గుర్తించడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఆ బ్లాస్ట్ మైలాయిడ్ వంశానిదా (గ్రాన్యులోసైట్లు, మోనోసైట్లు వంటివి పుట్టే వంశం), లింఫాయిడ్ వంశానిదా (లింఫోసైట్లు పుట్టే వంశం) అన్నది ఆకారాన్ని బట్టి ప్రతిసారీ తేలదు. బ్లాస్ట్ లోపల సన్నని కడ్డీలా ఉండే ఆవర్ రాడ్ కనిపిస్తే మైలాయిడ్ అనవచ్చు గాని, అది అందరిలోనూ కనిపించదు. ఫ్లో సైటోమెట్రీ (కణాల గుర్తులను యంత్రంతో చదివే పరీక్ష) కోసం నమూనాను హైదరాబాదుకు పంపి ఎదురుచూడవలసి వచ్చే వరంగల్, కరీంనగర్ ప్రాంతపు ల్యాబుల్లో, అదే రోజు వైద్యునికి దారి చూపగలిగేది మైలోపెరాక్సిడేజ్ రంజనం.

గ్రాన్యులోసైట్ల (రేణువులున్న తెల్ల రక్తకణాల) ప్రాథమిక రేణువుల్లో ఉండే ఈ ఎంజైము, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్నప్పుడు డయామినోబెంజిడిన్‌ను ఆక్సీకరించి, కరగని గోధుమరంగు పదార్థంగా ఆ రేణువుల దగ్గరే నిలుపుతుంది. గాలికి ఆరిన తాజా స్మియర్‌ను చల్లని బఫర్డ్ ఫార్మల్ అసిటోన్‌లో 30 సెకన్లు స్థిరీకరించి, కడిగి, అప్పటికప్పుడు కలిపిన ద్రావణంలో 10 నిమిషాలు ఉంచి, మళ్లీ కడిగి హెమటాక్సిలిన్ వేయాలి. డయామినోబెంజిడిన్ క్యాన్సర్ కారకమన్న అనుమానం ఉన్న రసాయనం కనుక, చేతి తొడుగులు లేకుండా దాన్ని ముట్టుకోవద్దు.

స్లైడ్‌ను మైక్రోస్కోపు కింద పెట్టగానే అందరి చూపూ బ్లాస్టుల మీదికే పోతుంది. ముందు చూడవలసినది వాటిని కాదు, అదే స్లైడ్‌లోని మామూలు న్యూట్రోఫిల్స్‌ను (ఈ ఎంజైము ఉండే పరిణత గ్రాన్యులోసైట్లను). వాటిలో గోధుమరంగు లేకపోతే రంజనమే విఫలమైందని అర్థం. అటువంటి స్లైడ్ మీద బ్లాస్టులు నెగటివ్ అని రాయడం రోగికి అన్యాయం చేయడమే. రోగి స్మియర్‌లో న్యూట్రోఫిల్స్ మరీ తక్కువగా ఉండవచ్చు కాబట్టి, ఆరోగ్యవంతుని రక్తపు స్మియర్‌ను కూడా ప్రతిసారీ పక్కన పెట్టి రంగు వేయండి. మే నెలలో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మూత తీసి బల్ల మీద వదిలేసిన పెరాక్సైడ్ సీసా త్వరగా బలం కోల్పోతుంది. దాన్ని ఫ్రిజ్‌లో, వెలుతురు తగలకుండా ఉంచాలి.

బ్లాస్టుల్లో 3 శాతం లేదా అంతకు మించి పాజిటివ్ అయితే మైలాయిడ్ లుకేమియా అని భావిస్తాం. నెగటివ్ వచ్చినంత మాత్రాన లింఫోబ్లాస్టిక్ అని రాయకూడదు. 1976లో మొదలైన ఎఫ్‌ఏబీ (ఫ్రెంచ్-అమెరికన్-బ్రిటిష్) లుకేమియా వర్గీకరణకు తరువాత చేర్చిన మైలాయిడ్ రకాలైన ఎం0 (అతి తక్కువ పరిణతి గలది), ఎం7 (ప్లేట్‌లెట్ల వంశానిది) లోనూ, మోనోబ్లాస్టుల్లో (మోనోసైట్ల తొలి దశ కణాల్లో) తరచుగానూ ఈ రంజనం నెగటివ్‌గానే ఉంటుంది.

స్మియర్ పాతబడితే ఎంజైము క్షీణిస్తుంది. అప్పుడు రేణువుల్లోని కొవ్వు పదార్థాలకు అంటుకునే సుడాన్ బ్లాక్ బి పనికొస్తుంది. ఫార్మలిన్ ఆవిరిలో స్థిరీకరించి, గంటసేపు రంగులో ఉంచి, 70 శాతం ఆల్కహాల్‌తో కడిగితే, మైలాయిడ్ కణాల్లో నల్లని రేణువులు నిలుస్తాయి. దీన్ని చదివేటప్పుడూ మొదటి చూపు న్యూట్రోఫిల్స్ మీదే.

వచ్చే పాఠంలో మోనోబ్లాస్టులను పట్టి ఇచ్చే నాన్‌స్పెసిఫిక్ ఎస్టరేజ్‌ను, దానిని సోడియం ఫ్లోరైడ్‌తో అణచి చూసే విధానాన్ని నేర్చుకుందాం. అందుకోసం ప్రతి కేసులోనూ రంగు వేయని మజ్జ స్మియర్లు కనీసం రెండు అదనంగా దాచి ఉంచండి.