ఆట పోయినా జట్టు మిగలాలంటే

2020 సెప్టెంబర్ 2 సాయంత్రానికి మా పబ్‌జీ వాట్సాప్ గ్రూపులో 43 మంది ఉన్నాం. ఆ సాయంత్రమే కేంద్రం 118 యాప్‌లను నిషేధించింది, వాటిలో పబ్‌జీ మొబైల్ ఒకటి. రెండు రోజులు అందరూ ఏడుపు స్టిక్కర్లు పెట్టారు. సంక్రాంతి వచ్చేసరికి ఆ గ్రూపులో పలికేది మా బావమరిది ఒక్కడే, రోజూ పొద్దున్నే గులాబీ పువ్వుతో గుడ్ మార్నింగ్. రెండేళ్లు రాత్రి పూట భుజం భుజం కలిపి ఆడినవాళ్లలో నా దగ్గర ఫోన్ నంబరుతో పాటు అసలు పేరు కూడా ఉన్నది ఆరుగురికే అని అప్పుడు లెక్కేసుకున్నాను.

నేను తాడేపల్లిగూడెంలో రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. వయసు నలభైకి దగ్గర పడింది. 2004లో నెట్ సెంటర్లో గంటకి 15 రూపాయలిచ్చి కౌంటర్ స్ట్రైక్ 1.6 అనే కంప్యూటర్ తుపాకీ ఆట ఆడినవాణ్ణి. ఆ ఆరుగురితో మళ్లీ మొదలుపెట్టిన జట్టు ఇప్పుడు 22 మంది అయింది, ఇంకా ఆడుతున్నాం. ఇలాంటిది మీరూ పెట్టుకోవాలనుకుంటే నాకు తెలిసింది చెబుతాను. గొప్పగా ఆడడం ఎలాగో మాత్రం నన్ను అడక్కండి, నా ర్యాంకు చూస్తే మీరే నవ్వుతారు.

ముందు ఐదారుగురితోనే మొదలుపెట్టండి. పబ్‌జీ పోయాక దాని బదులు ఫోన్లలోకి వచ్చిన బీజీఎంఐలో స్క్వాడ్ అంటే నలుగురు, కౌంటర్ స్ట్రైక్‌లో ఐదుగురు. రాత్రి పదింటికి ఆరుగురు వస్తే ఒకరిద్దరు బయట కూర్చోవాలి. వరసగా మూడు రాత్రులు బయట కూర్చున్నవాడు నాలుగో రాత్రి రాడు, ఎందుకు రాలేదో చెప్పడు కూడా. అందుకే మా దగ్గర మ్యాచ్ అవ్వగానే ఒకడు లేచి చూస్తున్నవాడికి చోటివ్వాలి. ఎంత బాగా ఆడుతున్నా సరే, వంతు వంతే. జనం పెరిగేకొద్దీ ఈ వంతుల గొడవ పెరుగుతుంది కాబట్టి కొత్తవాణ్ణి తెచ్చే ముందు మేము ఒకటే చూస్తాం: ఇప్పుడున్నవాళ్లలో కనీసం ఇద్దరు అతనితో వారం రోజులు ఆడి ఉండాలి.

తర్వాత చోటు. వాట్సాప్ కబుర్లకి బాగుంటుంది గానీ ఆటకి పనికిరాదు. ఆడుతూ మాట్లాడుకునే డిస్కార్డ్ అనే యాప్‌లో సర్వర్, అంటే జట్టుకో సొంత అడ్డా, పెట్టుకోండి, డబ్బులక్కర్లేదు. అందరూ చేసే తప్పేమిటంటే మొదటి రోజే ఇరవై ఛానెళ్లు తెరుస్తారు. మీమ్స్‌కి ఒకటి, క్రికెట్‌కి ఒకటి, అనిమేకి ఒకటి, రూల్స్‌కి ఒకటి, రూల్స్ మీద చర్చకి ఇంకొకటి. ఇరవై గదుల ఇల్లు కట్టి ముగ్గురు కాపురం ఉంటే అది దెయ్యాల కొంపలాగే ఉంటుంది. రాసుకోడానికి రెండు, మాట్లాడుకోడానికి రెండు గదులు చాలు. సెట్టింగ్స్‌లో రెండు మార్పులు మాత్రం ఆ రోజే చేసేయండి. అందరికీ ఒకేసారి మోత మోగించే ఎవ్రీవన్ ట్యాగ్ మీకు తప్ప ఎవరికీ లేకుండా తీసేయండి. ఇన్వైట్ లింకు తయారుచేసే హక్కు కూడా ఇద్దరి దగ్గరే ఉంచండి. మాకు ఆ రెండోది తెలియక ఓసారి ఎవడో లింకు ఎక్కడో పెట్టాడు. పొద్దున లేచి చూస్తే 60 మంది కొత్తవాళ్లు, అందులో సగం మంది ప్రకటనలు పెట్టేవాళ్లు.

కంప్యూటర్ మీద ఆడేవాళ్లందరికీ పుష్ టు టాక్ పెట్టించండి, అంటే బటన్ నొక్కితేనే మైకు తెరుచుకోవాలి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. కౌంటర్ స్ట్రైక్‌లో శత్రువు అడుగుల చప్పుడు వినపడడమే సగం ఆట. ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నప్పుడు ఎవరింట్లోనో కుక్కర్ మూడో విజిల్ వేస్తే అయిపోయినట్టే. మాలో ఒకాయన మైకు ఎప్పుడూ తెరిచే ఉంచేవాడు. "అన్నం చల్లారిపోతోంది, వస్తారా రారా" అని వాళ్లావిడ కేకేసిన రాత్రి ఐదుగురం ఒకేసారి గప్‌చుప్ అయిపోయాం, అందరికీ తమ ఇంట్లోనే అరిచినట్టనిపించింది. మర్నాడు ఆయన బటన్ పెట్టుకున్నాడు.

ఇక మైకులో ఏం మాట్లాడాలి అన్నది. దీనికి కాస్త ఎక్కువ చోటిస్తాను, ఎందుకంటే జట్లు చెడేది ఇక్కడే. తెలుగువాళ్లం ఆటలో వాడే మాటలు మూడు: "అక్కడ", "అటు", "అదుగో". ఈ మూడింటితో ఎవడూ ఎవణ్ణీ కాపాడలేడు. మ్యాప్‌లో ప్రతి మూలకీ అందరూ ఒప్పుకున్న పేరుండాలి. కౌంటర్ స్ట్రైక్‌లో డస్ట్ 2 అనే మ్యాప్‌లో లాంగ్, షార్ట్, టన్నెల్స్ ఎలాగూ అందరికీ తెలుసు. మేం వాటికి మావి కలుపుకున్నాం. బాంబు పెట్టే చోట్లలో ఒకటైన బి సైట్‌లో కిటికీని కిటికీ అంటాం, రెండు పెట్టెల మధ్య సందుని బాత్రూమ్ అంటాం. ఎందుకన్నామో గుర్తులేదు గానీ ఇప్పుడు వేరే పేరు పెడితే ఎవరికీ అర్థం కాదు. చెప్పే వరస కూడా అలవాటు చేయండి: ముందు చోటు, తర్వాత ఎంతమంది, చివర్లో ఏ స్థితిలో. "లాంగ్‌లో ఇద్దరు, ఒకడు సగం చచ్చాడు." అంతే, ఇంకో మాట వద్దు. ఇంకోటి, చచ్చినవాడు తను చూసింది ఒక్క ముక్కలో చెప్పి నోరు మూసుకోవాలి. బతికున్నవాడికి ఎటు వెళ్లాలో చచ్చిన నలుగురూ నాలుగు రకాలుగా చెబితే వాడు కూడా వచ్చి మీ పక్కనే పడుకుంటాడు.

ఒక రాత్రి మేం 11–12తో వెనకబడి ఉన్నాం. ఇంకో రౌండ్ పోతే వాళ్లకి 13, ఆట అయిపోయింది. బి సైట్‌లో అవతలివాళ్లు బాంబు పెట్టేశారు, పేలేలోపు మేం దాన్ని తీసేయాలి. మాలో నలుగురం పోయాం, మిగిలింది మా భీమవరం తమ్ముడు ఒక్కడు, అవతల ఇద్దరు. బాంబు పేలడానికి మొత్తం 40 సెకన్లు. నలుగురం నోరెత్తలేదు. ఎవరి గదిలోనో ఫ్యాను టకటకమంటోంది. తమ్ముడు టన్నెల్‌లోంచి వచ్చి కిటికీలో ఉన్నవాణ్ణి లేపేశాడు, రెండోవాడు బాత్రూమ్‌లోంచి తొంగి చూడగానే వాణ్ణీ పడగొట్టాడు. వెళ్లి బాంబు మీద కూర్చున్నాడు. అప్పుడు ఒకరు మెల్లగా అడిగారు: "కిట్ ఉందా?" లేదు. ఆటలో 400 డాలర్లు పెట్టి కొనుక్కునే ఆ కిట్ ఉంటే బాంబుని 5 సెకన్లలో తీసేయొచ్చు, లేకపోతే 10. ఉన్నది 7 ఉంటాయేమో. బీప్ బీప్ అని వేగం పెరుగుతోంది, వాడు లేవలేదు. పేలింది. ఒక్క క్షణం ఆగి, అమెరికా నుంచి మాతో ఆడే డాలస్ అక్క అంది, "400 డాలర్లు మా ఊళ్లో నాకే పెద్ద మొత్తం, వాడెక్కడ కొంటాడులే." అందరం పడీపడీ నవ్వాం, తమ్ముడు కూడా. అదే మాట ఇంకోలా, "కిట్ కొనడం కూడా రాదా" అని వచ్చుంటే వాడు మర్నాడు వచ్చేవాడు కాదు. జట్టు ఎలాంటిదో ఓడిన తర్వాత మొదటి పది సెకన్లలో తెలిసిపోతుంది. కొత్తవాణ్ణి పరీక్షించాలంటే వాడు గెలిచే మ్యాచ్ చూడకండి, ఓడేది చూడండి.

దీనికి తోకగా అన్నిటికంటే కష్టమైన పని. మా దగ్గరికి ఓ కుర్రాడు వచ్చాడు. వాడి గురి చూస్తే కళ్లు తిరిగేవి. వాడున్న మూడు వారాలూ మేం ఓడిందే తక్కువ. కానీ నోరు తెరిస్తే బూతు. అవతలి జట్టుని తిట్టినన్నాళ్లూ నవ్వుకున్నాం, ఆ తప్పు మాదే. తర్వాత మావాళ్లని, తర్వాత మావాళ్ల అమ్మల్ని. ఇలాంటివాణ్ణి గ్రూపులో నిలదీయకండి, నలుగురి ముందు ఎవడూ తగ్గడు. విడిగా మెసేజ్ పెట్టండి. "నీ ప్రవర్తన బాగోలేదు" లాంటి మాటలు గాలికి పోతాయి. నిన్న రాత్రి ఫలానా మ్యాచ్‌లో ఫలానావాణ్ణి ఈ మాట అన్నావు, ఇంకోసారి అంటే తీసేస్తాను అని ఆ మాటతో సహా రాయండి. నేను రాశాను. రెండు రోజులు బాగున్నాడు, మూడో రోజు మళ్లీ అన్నాడు. మ్యాచ్ మధ్యలోనే తీసేశాను. వాడితో పాటు ఇంకో ఇద్దరు వెళ్లిపోయారు, నెల రోజులు వరసగా చావు దెబ్బలు తిన్నాం. అదే నెలలో, అంతకు ముందు ఆరు వారాలుగా మైకు తెరవకుండా చాట్‌లో టైప్ చేస్తూ ఆడిన ఒకమ్మాయి మొదటిసారి మాట్లాడింది. ఇప్పుడు మా మ్యాప్ పేర్లలో సగం ఆవిడ పెట్టినవే. ఎవరైనా మైకు తెరవకపోతే ఎందుకని అడక్కండి. కారణం మీ గదిలోనే కూర్చుని ఉండొచ్చు.

పిల్లల సంగతి. మా వాయిస్ గదిలోకి 18 దాటినవాళ్లకే చోటు. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం అని చెప్పి చేరిన ఒకడి మైకులోంచి ఓ రాత్రి "క్వార్టర్లీ పరీక్షలు పెట్టుకుని ఏంట్రా ఇది" అని వాళ్లమ్మ గొంతు వినిపించింది. ఎనిమిదో తరగతి. వాణ్ణి తిట్టలేదు, పదో తరగతి పాసైనా సరే 18 నిండాకే రమ్మన్నాం. బీజీఎంఐలో 18 లోపు వాళ్లకి రోజుకి మూడు గంటలే అని పరిమితి ఉంది గానీ, నాన్న ఫోన్లో నాన్న వయసుతో ఆడేవాణ్ణి ఏ పరిమితి ఆపుతుంది?

డబ్బు దగ్గర మాత్రం మొండిగా ఉండండి. మ్యాచ్ మీద వంద పెడదామా అని ఎవరో ఒకరు అడుగుతారు, వంద అయిదు వందలవుతుంది. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటి మీదా చట్టం చేసింది. చట్టం సంగతి అలా ఉంచినా, ఒకరికొకరు అప్పు ఉన్నవాళ్లు ఒకే వాయిస్ గదిలో కూర్చోలేరు. తుపాకీ రంగుల పిచ్చి గురించి నేను చెప్పినా ఎవరూ వినరు. కౌంటర్ స్ట్రైక్‌లో ఆ రంగులు దాగుండే పెట్టెని కేసు అంటారు, ఒక్కోటి తెరవడానికి తాళం చెవి రెండున్నర డాలర్లు, వచ్చేది చాలాసార్లు ఆ ఖరీదు కూడా చేయదు. అది లాటరీ టికెట్టే అని నా అభిప్రాయం, మాలో సగం మంది ఒప్పుకోరు.

మోసాల్లో ఎక్కువగా వచ్చేది స్నేహితుడి పేరుతోనే. "ఫ్రీ నైట్రో, ఈ క్యూఆర్ స్కాన్ చెయ్" అని మా ఏలూరు మిత్రుడి అకౌంట్ నుంచి అందరికీ మెసేజ్ వచ్చింది. నైట్రో అంటే డిస్కార్డ్‌లో డబ్బు కట్టి తీసుకునే సభ్యత్వం. డిస్కార్డ్ యాప్‌తో ఆ క్యూఆర్ స్కాన్ చేసి ఓకే నొక్కితే మీ అకౌంట్ వాళ్ల కంప్యూటర్లో లాగిన్ అవుతుంది, అంతే సంగతి. స్కాన్ చేసిన ఇద్దరి అకౌంట్లూ పోయాయి. పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే టూ ఫ్యాక్టర్ పెట్టుకోండి, పెట్టుకున్నా అలాంటిది స్కాన్ చేయకండి. లింకు గానీ డబ్బు గానీ అడిగితే ఫోన్ చేసి గొంతు వినండి. దానికి ఫోన్ నంబరు ఉండాలిగా. అందుకే మా దగ్గర ఒక పాత పద్ధతి పెట్టాను: చేరిన నెలలోపు అసలు పేరు, ఊరు, ఫోన్ నంబరు నాకు చెప్పాలి. మిల్లు లెక్కల పుస్తకం వెనక పేజీలో రాసుకుంటాను. ఇష్టం లేనివాళ్లని బలవంతం పెట్టను, కానీ ఇన్వైట్ లింకు హక్కున్న ఆ ఇద్దరిలో వాళ్లని ఉంచను.

నెట్ గురించి ఒక్క ముక్క. చెన్నై, ముంబై సర్వర్లు దొరికితే మన జిల్లాల వాళ్లకి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా కరెంటుతో. ల్యాప్‌టాప్ నడుస్తూనే ఉంటుంది, ఫైబర్ డబ్బా ఆరిపోతుంది. రూటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్ కొనుక్కోండి. హెడ్‌సెట్ కంటే ముందు అదే కొనాలి.

చివరగా, వారంలో ఒకరోజు వేరే ఆట పెట్టండి. అందరి దగ్గరా కంప్యూటర్ ఉండదు, అందరి ఫోన్లూ బీజీఎంఐని మోయలేవు. డాలస్ అక్కకి ఇక్కడి సర్వర్లో తుపాకీ ఆట ఆడితే గోడ వెనక దాక్కున్నాక కూడా తూటా తగులుతుంది, అంత లాగ్, అంటే నెట్ ఆలస్యం. మేం గురువారం అమాంగ్ అస్ పెట్టుకున్నాం, అంటే మనలో దాక్కున్న హంతకుడు, ఇంపోస్టర్, ఎవరో కనిపెట్టే ఆట. ఫోన్ వాళ్లూ కంప్యూటర్ వాళ్లూ కలిసి 15 మంది దాకా ఆడొచ్చు, కాస్త లాగ్ ఉన్నా పర్వాలేదు. మనకి రాత్రి పదయితే వేసవిలో డాలస్‌లో పొద్దున పదకొండున్నర, అక్క కూర తరుగుతూ ఆడుతుంది. మొదట్లో కుర్రాళ్లు మొహం చిట్లించారు, ఇది చిన్నపిల్లల ఆటని. ఇప్పుడు వాళ్లే "ఎలక్ట్రికల్ గదిలో నిన్ను చూశాను అన్నా, ప్రమాణం చెయ్" అని అరుస్తారు.

2022 జూలై 28న బీజీఎంఐ కూడా స్టోర్ల నుంచి మాయమైంది, మళ్లీ వచ్చింది 2023 మేలో. మాయమైన రోజు గురువారం. ఆ రాత్రి పదింటికి వాయిస్ గదిలో 14 మంది ఉన్నారు. కాసేపు ప్రభుత్వాన్ని, కాసేపు వర్షాన్ని తిట్టుకున్నాం, తర్వాత ఎవరో అమాంగ్ అస్‌లో చేరే కోడ్ పెట్టారు. మొదటి ఆటకి ఇంపోస్టర్ నేనే. నిమిషం తిరక్కముందే దొరికిపోయాను.