పాత ట్రాక్టర్ స్టార్ట్ కావడం లేదా? పానా పట్టేముందు పొగ చూడండి

ట్రాక్టర్ స్టార్ట్ కాకపోతే చాలామంది చేయి నేరుగా డీజిల్ పంపు (ఇంజెక్షన్ పంపు) మీదికి పోతుంది. నా లెక్కలో అది అనుమానించాల్సిన వాటిలో చివరిది. డీజిల్ ఇంజిన్‌లో నిప్పురవ్వ ఉండదు. సిలిండర్‌లో గాలి గట్టిగా నొక్కుకుపోయి వేడెక్కినప్పుడు, ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. అందుకు ఇంజిన్ తగినంత వేగంగా తిరగాలి, డీజిల్ నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ మొన) దాకా రావాలి, సిలిండర్‌లో కంప్రెషన్ (గాలి నొక్కుకుపోయే ఒత్తిడి) నిలవాలి. వీటిలో ఏది తప్పిందో తెలియాలంటే ముందు చప్పుడు వినాలి, తరువాత సైలెన్సర్ వైపు చూడాలి.

ఏం చేసేముందయినా గేరు న్యూట్రల్‌లో ఉందా, హ్యాండ్ బ్రేకు పడిందా చూసుకోండి. ఇంజిన్ ఆపడానికి లాగే స్టాప్ నాబ్ పూర్తిగా లోపలికి వెళ్లిందా అన్నదీ ఇప్పుడే చూడండి. దాని సంగతి మళ్లీ వస్తుంది.

తాళం తిప్పితే ఏ చప్పుడూ లేదు

హెడ్‌లైట్లు వేయండి. అవీ వెలగకపోతే బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది, లేదా టెర్మినల్ వదులైంది, లేదా ఫ్యూజు పోయింది. లైట్లు ప్రకాశంగా వెలుగుతూ సెల్ఫ్ (ఇంజిన్‌ను మొదట తిప్పే మోటారు) మాత్రం పలకకపోతే లోపం సన్న తీగల్లో ఉంది. క్లచ్ పెడల్ దగ్గరో గేరు లివరు దగ్గరో ఉండే సేఫ్టీ స్విచ్, తాళం స్విచ్, సాలినాయిడ్‌కు (సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్‌కు) వెళ్లే సన్న తీగ వరుసగా చూడండి. ఒకరు తాళం తిప్పుతుండగా ఆ సన్న తీగ చివర టెస్ట్ బల్బు పెట్టండి. బల్బు వెలిగితే సాలినాయిడ్‌ను, వెలగకపోతే స్విచ్‌లను అనుమానించాలి.

స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ మోటారు బోల్టులను కలిపి స్టార్ట్ చేసే అలవాటు ప్రాణాంతకం. అలా చేస్తే సేఫ్టీ స్విచ్ పక్కకు పోతుంది. గేరులో ఉన్న బండి స్టార్ట్ అయితే చక్రం పక్కన నిలబడ్డ మనిషి మీదికే వస్తుంది.

టక్‌మని ఆగుతుంది, లేదా నీరసంగా తిరుగుతుంది

మళ్లీ హెడ్‌లైట్లే చెబుతాయి. తాళం తిప్పగానే లైట్లు బాగా మసకబారితే బ్యాటరీ బలహీనంగా ఉంది, లేదా లావు తీగల కలయిక బాగాలేదు. ఒక్కసారి టక్‌మని లైట్లు అలాగే వెలుగుతుంటే సాలినాయిడ్ లోపలి కాంటాక్టులు గానీ, సెల్ఫ్ మోటారు కార్బన్ బ్రష్‌లు గానీ అరిగి ఉండవచ్చు.

మీటరు ఉంటే పని సులువు. నిండా చార్జ్ ఉన్న 12 వోల్టుల బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 చూపుతుంది. 12కు దిగితే చార్జ్ చేయనిదే సెల్ఫ్ కొట్టి లాభం లేదు. విశ్రాంతిలో బాగానే ఉండి, సెల్ఫ్ కొట్టినప్పుడు 9.5 కంటే కిందికి పడిపోతే బ్యాటరీలోనే జీవం తగ్గింది.

పాత బండ్లలో బ్యాటరీ కంటే ముందు, బ్యాటరీ నెగెటివ్‌ను బండి లోహానికి కలిపే ఎర్త్ తీగను శంకించాలి. మీటరు ఒక కొన బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది ఇంజిన్ బ్లాకు లోహం మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ దారిలో తుప్పో పెయింటో అడ్డం ఉంది. టెర్మినళ్ల మీది చిలుమును వంటసోడా కలిపిన వేడినీటితో కడిగి, లోహం మెరిసేదాకా గీకండి. విప్పేటప్పుడు ఎర్త్ తీగ మొదట, బిగించేటప్పుడు చివర.

ఇవన్నీ బాగున్నా ఇంజిన్ కదలకపోతే బలవంతం చేయకండి. ఏళ్లపాటు వానలో నిలిచిన బండికి సైలెన్సర్ గుండా సిలిండర్‌లోకి నీరు దిగి ఉండవచ్చు. ఇంజెక్టర్లు విప్పి, చేత్తో నెమ్మదిగా తిప్పి చూడాలి.

సెల్ఫ్ చురుగ్గా తిరుగుతుంది, పొగ అసలు లేదు

పొగ లేదంటే సిలిండర్‌లోకి డీజిల్ చేరడం లేదనే. మొదటి అనుమానం స్టాప్ కేబుల్. నాబ్ లోపలికి వెళ్లినా, తుప్పు పట్టిన తీగ పంపు దగ్గరి లివరును వెనక్కి రానివ్వదు. లివరును చేత్తో కదిపి చూడండి. తాళంతోనే ఆగే బండి అయితే పంపు మీద డీజిల్‌ను ఆపే సాలినాయిడ్‌కు కరెంటు వస్తోందో లేదో చూడాలి.

తరువాత ట్యాంకు. డీజిల్ ఉందా, కుళాయి తెరిచి ఉందా, మూతలోని గాలి రంధ్రం పూడిపోయిందా? మూత తీయగానే గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వస్తే కారణం ఆ రంధ్రమే. ఫిల్టర్ కింది గిన్నెలో నీరు, మడ్డి ఉంటే బయటికి పారబోసి, ఫిల్టర్ మార్చండి.

ఫిల్టర్ విప్పినా, ట్యాంకు ఒకసారి ఖాళీ అయినా లైనులో గాలి పడుతుంది. ఆ ఎయిర్ తీయాలి. ఫిల్టర్ మీది బ్లీడింగ్ స్క్రూ (గాలి వదిలే స్క్రూ) వదులు చేసి, ట్యాంకు నుంచి డీజిల్ పీల్చే ఫీడ్ పంపు చేతి లివరు కొడుతూ ఉండండి. మొదట నురగ, తరువాత బుడగల్లేని డీజిల్ వస్తుంది. అప్పుడు స్క్రూ బిగించి, ఇంజెక్షన్ పంపు మీది స్క్రూ దగ్గర ఇదే చేయండి. లివరు ఊరికే వదులుగా ఆడుతుంటే ఫీడ్ పంపు పాడైందని తొందరపడకండి. ఇంజిన్‌ను కొద్దిగా తిప్పితే చాలాసార్లు లివరు పట్టు అందుకుంటుంది.

అప్పటికీ స్టార్ట్ కాకపోతే ఇంజెక్టర్ల దగ్గర పైపు నట్లు ఒక చుట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టండి. డీజిల్ చిమ్మగానే బిగించండి. ఆ సమయంలో చేయి, ముఖం దూరంగా ఉండాలి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న గాటులా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన గాయమది.

ఎయిర్ తీస్తే నడిచి, మర్నాడు పొద్దున మళ్లీ మొరాయించే బండికి లీకు ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య ఉండవచ్చు. అక్కడ పంపు డీజిల్‌ను పీలుస్తుంది కాబట్టి బయటికి చుక్క కారదు, గాలి మాత్రం లోపలికి పోతుంది. పగిలిన రబ్బరు పైపు, గట్టిపడిన వాషర్లు మార్చాలి.

తెల్లపొగ వస్తుంది, అంటుకోదు

డీజిల్ చేరుతోంది, వేడి చాలడం లేదు. చలి ఉదయమైతే, స్టార్ట్ చేసేముందు ఇంజిన్ లోపల వేడి పుట్టించే గ్లో ప్లగ్గులు లేదా హీటరు పనిచేస్తున్నాయా చూడండి. సెల్ఫ్ వేగం తక్కువైనా ఇదే లక్షణం, కాబట్టి బ్యాటరీ దగ్గరికి మళ్లీ వెళ్లాల్సి రావచ్చు. అన్నీ సరిగ్గా ఉండి వెచ్చని మధ్యాహ్నం కూడా ఇదే తంతు అయితే కంప్రెషన్ కొలిపించండి. పిస్టన్ రింగులు గానీ వాల్వులు గానీ అరిగి ఉంటాయి. గ్లో ప్లగ్గులు లేదా హీటరు ఉన్న ఇంజిన్‌లోకి, త్వరగా స్టార్ట్ కావడానికి కొట్టే ఈథర్ స్ప్రే కొట్టకూడదు, పేలవచ్చు.

నల్లపొగ అయితే గాలి చాలడం లేదు. ఎయిర్ క్లీనర్ విప్పండి, పక్షి గూడు దొరికినా ఆశ్చర్యం లేదు.

ఏ పరీక్షలోనైనా సెల్ఫ్‌ను 15 సెకన్లకు మించి ఆపకుండా కొట్టకండి, మధ్యలో ఒక నిమిషం చల్లారనివ్వండి. పొద్దున చక్కగా స్టార్ట్ అయి, పని చేసి వేడెక్కాక ఆపితే మళ్లీ స్టార్ట్ కాని బండి ఉంటే, అక్కడ మాత్రం ఇంజెక్షన్ పంపును అనుమానించవచ్చు. వేడికి డీజిల్ పలచబడి, అరిగిన భాగాల సందుల్లోంచి జారిపోతుంది. దాన్ని ఇంట్లో విప్పకండి, టెస్ట్ బెంచి ఉన్న పంపు మెకానిక్‌కు ఇవ్వండి.