పాత ఇంగ్లీషు మూడు గేర్ల సైకిలును మళ్ళీ రోడ్డెక్కించడం ఎలా?

ఒకప్పుడు మన ఊళ్ళలో అల్లుడికి ర్యాలీ సైకిలు పెట్టారంటే ఆ పెళ్ళి గురించి చాలాకాలం చెప్పుకునేవారు. ఆ ర్యాలీ పుట్టిల్లు ఇంగ్లండులోని నాటింగ్‌హామ్. మన దగ్గరికి వచ్చినవి ఎక్కువగా గేర్లు లేని బరువు సైకిళ్ళు. అక్కడి జనం రోజూ పనికి తొక్కుకుంటూ వెళ్ళినవాటిలో మాత్రం వెనక చక్రం నడుమ ఉండే హబ్బులోనే మూడు గేర్లు దాచుకున్న సైకిళ్ళు లెక్కలేనన్ని. ఇంగ్లండులో ఇప్పటికీ పాత షెడ్డుల్లో, ఆదివారం సంతల్లో అవి దుమ్ము కొట్టుకుని కనిపిస్తుంటాయి. ఒకప్పటి ర్యాలీ ఫ్యాక్టరీ స్థలంలో నేడు నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం జూబిలీ క్యాంపస్ ఉంది. అక్కడ చదువుకునే మన పిల్లలు రోజూ నడిచేది ఆ నేల మీదే.

నా చేతికి వచ్చినది పక్క వీధి పెద్దాయన షెడ్డులో ముప్పై ఏళ్ళు గోడకు ఆనుకుని ఉన్న ర్యాలీ స్పోర్ట్స్ అనే మూడు గేర్ల సైకిలు. పెడల్ కదలలేదు, గేర్ల మీట బిగుసుకుపోయింది, రిమ్ముల నిండా తుప్పు. నెల తిరిగేసరికి దాని మీదే పనికి వెళ్ళాను. అప్పుడు నేర్చుకున్న ముఖ్యమైన సంగతి ఒకటే. ఈ సైకిళ్ళు చెడిపోవడం చాలా అరుదు, నూనె లేక ఎండిపోతాయి, అంతే. కాబట్టి పానా పట్టుకోవడానికి ముందు నూనె డబ్బా పట్టుకోండి. విప్పడం ఆఖరి పని.

కొనే ముందు

వెనక హబ్బు మీద మట్టి తుడిచి చదవండి. ఈ గేర్ల హబ్బులు చేసిన స్టర్మీ ఆర్చర్ కంపెనీ పేరు, దాని కింద మోడల్ అక్షరాలు, పక్కన అంకెలు ఉంటాయి. ఏడబ్ల్యు (AW) అని ఉండి పక్కన 62 అని ఉంటే ఆ హబ్బు 1962లో తయారైనట్టు. దాని పక్కన ఇంకో అంకె ఉంటే అది నెల. చక్రం ఎప్పుడైనా మార్చి ఉండవచ్చు కనుక ఇది హబ్బు వయసే తప్ప సైకిలు వయసు అని గట్టిగా చెప్పలేం. స్టర్మీ ఆర్చర్ కథ 1902లో నాటింగ్‌హామ్‌లోనే మొదలైంది. ఏడబ్ల్యు 1936లో వచ్చింది. దానంత మొండి యంత్రం సైకిలు లోకంలో మరొకటి లేదని నా అభిప్రాయం. యాభైల్లో వచ్చిన ఎస్‌డబ్ల్యు (SW) రకం మాత్రం గేరు జారడానికి పేరుపడింది. ఆ అక్షరాలు కనిపిస్తే ధర తగ్గించి అడగండి, లేదా వదిలేయండి.

తరువాత ఫ్రేము చూడండి. హ్యాండిల్ కింద, గొట్టాలు కలిసే చోట పెయింటు ముడత పడి ఉంటే ఏదో ఢీకొన్న గుర్తు. అలాంటిది తీసుకోవద్దు. సీటు గొట్టం, హ్యాండిల్ గొట్టం కదులుతాయో లేదో చూడండి. కదలకపోతే తుప్పు వదిలించే నూనె పోసి రోజుల తరబడి ఆగాల్సి వస్తుంది. టైర్లు పగిలి ఉన్నా, రిమ్ములు తుప్పు పట్టి ఉన్నా భయపడకండి. అవి చిన్న పనులు.

ముందు హబ్బుకు నూనె

హబ్బు నడుమ వేలితో తెరవగలిగేంత చిన్న మూత ఉంటుంది. అదే నూనె రంధ్రం. అందులో ఒక చెంచా నూనె పోసి చక్రాన్ని వెనక్కి, ముందుకి తిప్పి, సైకిలును ఎడమ పక్కకు ఒకసారి, కుడి పక్కకు ఒకసారి వాల్చి రాత్రంతా ఉంచండి. 20 లేదా 30 గ్రేడు మోటారు నూనె సరిపోతుంది. ఇంటి పనులకని చిన్న డబ్బాల్లో అమ్మే నూనెల్లో కొన్ని కాలం గడిచేకొద్దీ బంకలా గట్టిపడతాయి, వాటిని ఇందులో పోయవద్దు. గ్రీజు అసలే వద్దు, లోపలి కొక్కేలు దానిలో అతుక్కుపోతాయి. పాత నూనె అప్పటికే బంకగా మారి ఉంటే, తుప్పు వదిలించే పలుచని నూనె కొంచెం పోసి చక్రం తిప్పి, నల్లగా కారేదంతా కారిపోయాక మంచి నూనె పోయండి.

లోపల ఏముందో తెలిస్తే చేతికి ధైర్యం వస్తుంది. ఇరుసు మీదే చెక్కిన 20 పళ్ళ చక్రం ఒకటి కదలకుండా ఉంటుంది. దాని చుట్టూ 20 పళ్ళవే నాలుగు చిన్న చక్రాలు తిరుగుతాయి. వాటన్నిటినీ చుట్టి 60 లోపలి పళ్ళున్న పెద్ద వలయం ఉంటుంది. రెండో గేరులో చైను తిప్పే పళ్ళచక్రం ఎంత తిరిగితే హబ్బు అంతే తిరుగుతుంది. మొదటి గేరులో అందులో ముప్పావు వంతు తిరుగుతుంది, ఎత్తు ఎక్కడానికి అది. మూడో గేరులో మూడో వంతు ఎక్కువ తిరుగుతుంది. దశాబ్దాలు నడిచినా ఈ పళ్ళు అరగడం నేను చూడలేదు. నా హబ్బును ఇంతవరకు విప్పలేదు, విప్పాల్సిన అవసరమూ రాలేదు.

నూనె ఎక్కిందో లేదో చెవితో తెలుసుకోవచ్చు. రెండో గేరులోనూ మూడో గేరులోనూ తొక్కుతుంటే హబ్బు టిక్ టిక్ మంటుంది. మొదటి గేరులో నిశ్శబ్దంగా ఉంటుంది. అది రోగం కాదు, దాని సహజమైన పలుకు. రెండు, మూడు గేర్లలో కూడా చప్పుడు లేకపోతే కొక్కేలు ఇంకా బంకలో ఇరుక్కుని ఉన్నాయని అర్థం. మళ్ళీ నూనె పోసి ఆగండి. నా సైకిలు మూడో రోజు పలికింది. చీకటి షెడ్డులో చక్రం తిప్పి ఆ చప్పుడు విన్నప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

గేరు తీగ సరిచేయడం

ఈ సైకిళ్ళ గేర్లు పాడయ్యాయని పారేసినవాటిలో చాలావాటికి అసలు జబ్బు ఇక్కడే. వెనక చక్రం కుడి పక్క నట్టులోంచి సన్నని గొలుసు ఒకటి బయటికి వస్తుంది, గేరు తీగ దానికే తగులుకుని ఉంటుంది. గొలుసు లోపలి కొన ఒక చిన్న కడ్డీకి కలిసి ఉంటుంది. ముందు తీగ విప్పి, ఆ కడ్డీని వేళ్ళతో కుడివైపు తిప్పుతూ పూర్తిగా లోపలికి బిగించండి. తరువాత గొలుసు తీగ వైపు తిన్నగా తిరిగేదాకా, అర చుట్టుకు మించకుండా వెనక్కి వదలండి. పానా వాడవద్దు.

ఇప్పుడు తీగ తగిలించి హ్యాండిల్ మీది మీటను రెండో గేరులో పెట్టండి. కుడి పక్క నట్టుకు చిన్న కిటికీ లాంటి రంధ్రం ఉంటుంది. అందులోంచి చూస్తే ఇరుసు చివర, గొలుసు మొదలయ్యే చోట కడ్డీ అంచు కనిపిస్తాయి. ఆ రెండూ సరిగ్గా ఒకే మట్టంలో ఉండాలి. కడ్డీ లోపలే ఉంటే తీగ వదులుగా ఉన్నట్టు, బయటికి వస్తే మరీ బిగువుగా ఉన్నట్టు. గొలుసు చివరి గుండ్రని బిళ్ళను తిప్పి సరిచేసి, దాని వెనక చిన్న నట్టుతో బిగించండి. చివరగా మీటను మొదటి గేరుకు లాగి చూడండి. గొలుసు పూర్తిగా బిగుసుకుని, ఏమాత్రం వేలాడకుండా ఉండాలి.

ఈ పని నిర్లక్ష్యం చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. రెండో గేరుకూ మూడో గేరుకూ నడుమ ఏ పట్టూ లేని ఖాళీ చోటు ఒకటి ఉంది. తీగ సరిగ్గా లేక అక్కడ ఆగితే పెడల్ ఒక్కసారిగా వట్టిగా తిరిగిపోతుంది. నిలబడి తొక్కుతున్నవాళ్ళు నేరుగా ఫ్రేము మీద పడతారు.

చక్రాన్ని ఎప్పుడు తీసినా, ఇరుసుకు రెండు పక్కలా ఉండే పంటి వాషర్లను మళ్ళీ అదే చోట పెట్టండి. ఇరుసు తిరగకుండా పట్టుకునేవి అవే. లోపలి 20 పళ్ళ చక్రం కదలకూడదంటే ఇరుసు కదలకూడదు. హబ్బు ఊగుతుంటే ఇరుసు మీద బాల్సును అదిమి ఉంచే కోనుల్లో ఎడమ పక్కది మాత్రమే సవరించండి, కుడి పక్కది ముట్టుకోవద్దు.

తుప్పు, పెయింటు

మళ్ళీ పెయింటు వేయించాలనే ఆశ చాలామందికి పుడుతుంది. దయచేసి వేయించకండి. ఫ్యాక్టరీలో గీసిన బంగారు గీతలు, ముందు గొట్టం మీది కొంగ తల బిళ్ళ, యాభై ఏళ్ళ గీతలు, ఇవన్నీ ఒకసారి పోతే తిరిగి రావు. గోరువెచ్చని సబ్బు నీళ్ళతో కడిగి, మెత్తని గుడ్డతో తుడిచి, కారు మైనం పట్టిస్తే లోపలి రంగు బయటపడుతుంది. బంగారు గీతల మీద పెట్రోలు, థిన్నరు లాంటివి తగలనివ్వకండి.

క్రోము పూత మీది తుప్పుకు ఇనుప పీచు కన్నా వంటింటి అల్యూమినియం రేకు మేలు. రేకును ఉండచుట్టి, నీళ్ళలో ముంచి రిమ్ము మీద రుద్దండి. నల్లని ముద్ద వస్తుంది, తుడిచేస్తే కింద మెరుపు కనిపిస్తుంది. పూతే ఊడిపోయిన చోట ఏదీ పనిచేయదు, అక్కడ నూనె గుడ్డతో తుడిచి వదిలేయండి.

కాటర్ పిన్ను

పెడల్ ఉండే చేతిని, అంటే క్రాంకును, నడుమ ఇరుసుకు బిగించేది ఈ చిన్న ఉక్కు మేకు. మన సైకిలు షాపుల్లో అందరికీ తెలిసిన వస్తువే. పాత సైకిలు మీద జనం ఎక్కువగా పాడుచేసేదీ ఇదే. మొదటిసారి నేను ఆధారం ఏదీ పెట్టకుండా సుత్తితో కొట్టాను. పిన్ను కదలలేదు, దాని మరల కొన వంగిపోయింది. తరువాత దాన్ని డ్రిల్లుతో తొలిచి తీయడానికి ఒక పూట పట్టింది.

సరైన పద్ధతి ఇది. రెండు రోజుల ముందు నుంచి పిన్ను రెండు కొనలకూ తుప్పు వదిలించే నూనె పోస్తుండండి. నట్టును పూర్తిగా తీయకుండా, దాని పై అంచు పిన్ను కొనతో సమానంగా ఉండేదాకా వదులు చేయండి. ఒక ఇనుప గొట్టం నేల మీద నిలబెట్టి, పిన్ను తల ఆ గొట్టం బోలులోకి వచ్చేలా క్రాంకును దాని అంచు మీద ఆనించండి. సైకిలు బరువు ఆ గొట్టం మీదే పడాలి. అప్పుడు బరువైన సుత్తితో తిన్నగా ఒక్క దెబ్బ. పది చిన్న దెబ్బల కన్నా ఒక గట్టి దెబ్బ మంచిది. ఆధారం లేకపోతే ఆ దెబ్బంతా లోపలి బాల్సు మీదా అవి కూర్చునే కప్పుల మీదా పడి గుంటలు చేస్తుంది. పిన్ను నొక్కి తీసే చిన్న ప్రెస్సు దొరికితే అంతకన్నా హాయి లేదు.

ర్యాలీ పిన్ను మందం 9.5 మిల్లీమీటర్లు. కొత్త పిన్ను కొనేటప్పుడు పాతదాన్ని చేతిలో పెట్టుకుని వెళ్ళండి. చదును పక్క సరిగ్గా ఆనకపోతే ఆకురాయితో కొంచెం కొంచెంగా అరగదీసి సరిచూసుకోండి. రెండు పిన్నులూ ఒకదానికొకటి ఎదురు దిశలో ఎక్కాలి, లేకపోతే పెడల్స్ ఒకే గీతలో ఉండవు. సుత్తితో దిగగొట్టిన తరువాతే నట్టు బిగించండి. నట్టుతోనే పిన్నును లాగాలని చూస్తే మరలు తెగుతాయి. నాలుగైదు మైళ్ళు తొక్కాక మళ్ళీ ఒకసారి కొట్టి బిగించాలి.

క్రాంకు ఎలాగూ వచ్చింది కనుక లోపలి బాల్సు తీసి కిరసనాయిలులో కడగండి. పక్కకు 11 చొప్పున, పావు అంగుళం సైజు. కొత్త బాల్సు చవక, మార్చేయండి. కప్పులు మాత్రం ప్రాణంగా చూసుకోండి. ర్యాలీ వాళ్ళు ఇక్కడ అంగుళానికి 26 మరలు పెట్టుకున్నారు, మిగతా ఇంగ్లీషు సైకిళ్ళకు ఎక్కువగా 24. పోతే మరొకటి దొరకడం కష్టం. ముందు ఫోర్కు విప్పితే కింద గుడ్డ పరచండి, అక్కడి బాల్సు ఇంకా చిన్నవి, విడివిడిగా రాలిపడతాయి.

టైర్లు, బ్రేకులు, సీటు

స్పోర్ట్స్ రకానికి 26 x 1 3/8 టైరు. కొత్త టైరు పక్క గోడ మీద 590 అనే సంఖ్య చూసి కొనండి, 26 అని రాసి ఉన్నవన్నీ సరిపోవు. కడ్డీ బ్రేకుల బరువు సైకిలైతే 28 x 1 1/2, అంటే 635. అది మన పల్లెల్లో పాల క్యాన్లు మోసే సైకిలు టైరే. ఇంగ్లండులో వెతుక్కోవాల్సిన ఈ సైజు మన దగ్గర ఏ చిన్న పట్నంలోనైనా దొరుకుతుంది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు నేను రెండు టైర్లు మడిచి పెట్టెలో పెట్టుకుని వెళ్ళాను.

బ్రేకు తీగలు, రబ్బర్లు కచ్చితంగా కొత్తవి వేయండి. ఉక్కు రిమ్ము తడిస్తే బ్రేకు దాదాపు పట్టదు. వానలో రెండింతలు ముందుగానే నొక్కడం అలవాటు చేసుకోండి. ఉక్కు రిమ్ముల కోసం తోలు పొదిగిన బ్రేకు రబ్బర్లు దొరుకుతాయి, తడిలో అవి కొంత నయం.

బ్రూక్స్ తోలు సీటు ఎండి ఉంటే ఆ కంపెనీ మైనమే పలచగా పట్టించి, రెండు రోజులు ఆగి తుడవండి. నూనెలో నానబెడితే తోలు సాగి గిన్నెలా కుంగిపోతుంది.

ఎత్తు ఎక్కలేకపోతే

ఇది నేను అందరికీ చెప్పే మార్పు. ఫ్యాక్టరీ నుంచి ముందు 46 పళ్ళు, వెనక 18 పళ్ళతో వచ్చిన సైకిలులో ఒక తొక్కుకు చక్రం రెండో గేరులో 2.56 చుట్లు, మొదటి గేరులోనే దాదాపు 1.92 చుట్లు తిరుగుతుంది. కొండ ఎక్కాలంటే మోకాళ్ళు నొప్పి పుడతాయి. వెనక 22 పళ్ళది వేస్తే మొదటి గేరు 1.57కి దిగుతుంది, మూడో గేరు 2.79 దగ్గర ఉండి చదును రోడ్డుకు చక్కగా సరిపోతుంది. పళ్ళచక్రాన్ని పట్టుకున్న తీగ వలయాన్ని స్క్రూడ్రైవరుతో జాగ్రత్తగా లేపితే అది ఊడి వస్తుంది. కళ్ళద్దాలు పెట్టుకోండి, ఆ వలయం ఎగురుతుంది. చైనుకు ఒక అంగుళం పొడవు చేర్చాలి. చక్రం జరిగి ఉంటుంది కనుక గేరు తీగను మళ్ళీ ఆ కిటికీలోంచి చూసి సరిచేయాలి.

నెల నెలా

హబ్బులో నాలుగైదు చుక్కల నూనె, చైనుకు కొంచెం, గేరు గొలుసుకు ఒక చుక్క. ఎక్కువ పోస్తే పక్కల నుంచి కారి స్పోకుల మీదుగా రిమ్ముకు చేరుతుంది, బ్రేకు జారుతుంది. కాటర్ పిన్నుల నట్లు వేలితో కదిపి చూడండి. చలికాలం తొక్కకుండా పెడితే గేరు మీటను మూడో గేరులో ఉంచండి, తీగ మీద లాగుడు ఉండదు. అప్పుడప్పుడు చక్రం ఎత్తి ఒకసారి తిప్పి ఆ టిక్ టిక్ వినండి.