ఎన్నికల వార్తలకు వెళ్లేముందు ఫోను ఖాళీ చేయండి

2024 డిసెంబరు 12న మొజాంబిక్ సరిహద్దు పట్టణం రెస్సానో గార్సియాలో, నిరసనను తన ఫోనులో ప్రత్యక్ష ప్రసారం చేస్తూనే బ్లాగర్ అల్బినో సిబియా తూటాకు బలయ్యాడు. ఇలాంటి ఘోరం జరిగినప్పుడల్లా పాత్రికేయ శిక్షణ శిబిరాల్లో చర్చ హెల్మెట్ల మీదికి, రక్షణ కవచాల మీదికి మళ్లుతుంది. అవి అవసరమే. వాటి సంగతి అందరూ చెబుతారు. జాంబియాలో ఎన్నికల తేదీ 2026 ఆగస్టు 13. ఆఫ్రికా దక్షిణ భాగంలోని దేశాల విలేకరులకు శిక్షణ ఇచ్చేవారికి నేను గట్టిగా చెప్పదలచింది ఒక్కటే: సోర్సుల, అంటే సమాచారం ఇచ్చేవారి, పేర్లున్న ఫోను జేబులో పెట్టుకుని ఎవరినీ వార్తకు పంపకండి.

బోట్స్వానా ప్రశాంతమైన దేశమని పేరు. 2020లో అక్కడి పోలీసులు ఫేస్‌బుక్ పోస్టుల కేసులో పాత్రికేయుడు ఒరాటిలే డికొలొగాంగ్‌ను అరెస్టు చేసి, ఫోన్లలోని సమాచారం లాగే సెలెబ్రైట్ పరికరంతో ఆయన ఫోనులోని వేలాది సందేశాలు, పరిచయాలు, చిత్రాలు తోడేశారు. జింబాబ్వేలో 2025లో అరెస్టయిన పాత్రికేయుడు బ్లెస్డ్ మ్లాంగాకు బెయిలు రావడానికి పది వారాలు పట్టింది. అయినా ఆయన వెనుక న్యాయవాదులున్నారు, పత్రికా సంఘాలున్నాయి. విలేకరి ఫోనులో పేరు దొరికిన గుమాస్తాకు, గని కార్మికుడికి ఎవరున్నారు? వాళ్ల కోసం ఏ సంఘమూ ప్రకటన ఇవ్వదు. నమ్మి మాట చెప్పినందుకు ఉద్యోగం పోతుంది, ఊరు వదలాల్సి వస్తుంది. విలేకరులు చేసే తప్పుల్లో ఇంతమందిని ముంచేది మరొకటి నేను చూడలేదు.

అందుకే, ఫీల్డుకు వేరే ఫోను. అందులో సోర్సు పేరు ఒక్కటి కూడా ఉండకూడదు.

వేలిముద్రతో, ముఖంతో తెరుచుకునే ఏర్పాటు తీసేయండి. వేలిని పట్టుకుని బలవంతంగా ఆనించవచ్చు. మనసులోని అంకెలను అంత సులువుగా లాగలేరు.

పోలీసులు ఎదురుపడ్డాక సందేశాలు చెరిపేయవచ్చని అనుకోకండి. చెరిపినవి కూడా సెలెబ్రైట్ వంటి పరికరాలకు దొరకవచ్చు.

సిగ్నల్ యాప్‌లో సందేశాలు వాటంతటవే మాయమయ్యే గడువు పెట్టండి. క్లౌడ్‌లో నకలు ఆపేయండి.

న్యాయవాది నంబరు చేతి మీద రాసుకోండి. అప్పటికప్పుడు నెట్‌లో వెతుక్కునే వీలుండకపోవచ్చు. మొజాంబిక్‌లో 2024 ఎన్నికల తర్వాత ఇంటర్నెట్‌ను పదేపదే ఆపేశారు.

ఒంటరిగా వెళ్లకండి. ఏ గంటకు ఫోను చేస్తారో చెప్పి వెళ్లండి, ఆ గంట దాటితే ఎవరు ఎవరిని నిలదీయాలో ముందే రాసిపెట్టండి. 2020 ఏప్రిల్ 7న మొజాంబిక్‌లోని పాల్మా కమ్యూనిటీ రేడియో విలేకరి ఇబ్రయిమో ఎంబరుకో తనను సైనికులు చుట్టుముట్టారని సహోద్యోగికి సందేశం పంపాడు. ఆ తర్వాత ఆయన జాడ లేదు.

ప్రత్యక్ష ప్రసారంలో సాక్షుల ముఖాలు చూపకండి.

శిక్షకులారా, హాజరుపట్టీ ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. అసలు ఆ గ్రూపే వద్దు.

మళ్లీ చెబుతున్నాను: సోర్సుల పేర్లున్న ఫోను ఇంట్లోనూ ఉంచకండి, సోదా అక్కడికీ వస్తుంది. పేర్లు వేరే చోట, వేరే మనిషి దగ్గర, మారుపేర్లతో ఉండాలి.

శిబిరం మొదటి రోజు ఉదయమే అందరి ఫోన్లూ బల్ల మీద పెట్టించి, ఈ పని అక్కడికక్కడే చేయించండి. ఉపన్యాసాలు మధ్యాహ్నం పెట్టుకోండి.